యల్లాప్రగడ సుబ్బారావుగారు

పరవాడ ప్రాంతమునకు ఔషధముల పేరు క్రొత్త కాదు. ఈ మండలముననే జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ నెలకొని యున్నది. ఇక్కడి ఇండ్లలో బోదకాలు మాత్రను చూడని వారుండరు. గర్భిణీ స్త్రీలకు ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రను ఎరుగని తల్లులును అరుదు. టెట్రాసైక్లిన్ జాతి మందులను వైద్యులు వ్రాసి యియ్యగా ఎందరో వాడియుందురు. ఈ మూడు మందుల పుట్టుకలోను ఒక తెలుగువాని బుద్ధిబలము కలదు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు. మందు ఊరూరికి వచ్చినది గాని దానితో పాటు ఆయన పేరు రాలేదు. అందులకు కొంత ఆయన స్వభావమును, కొంత లోకపు తీరును కారణములు.

ఆయన చరిత్రలో మరియొక విశేషము కలదు. ఆయన శ్రమ వలన వెలుగు చూచిన పదార్థములలో రెండు, ఆయన మరణించిన చాలకాలమునకు, కంటికి కానరాని సూక్ష్మజీవులు తమ జన్యువులను పాలించుకొను విధానముతో సన్నిహితమైన సంబంధము కలవని తేలినవి. ఆ సంగతి కూడ చెప్పినగాని ఈ జీవితకథ పూర్తి కాదు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో సుబ్బారావుగారు నాలుగవవారు. జగన్నాథముగారు బెరిబెరి వ్యాధిచే ఆరోగ్యము చెడి, గడువునకు ముందే ఉద్యోగము విడువవలసి వచ్చెను. ఇంట తినువారెక్కువ, తెచ్చువారు లేరు. ఆహారములో ఒక విటమిను కొరవడుటచే వచ్చు వ్యాధి తండ్రిని పడవేయుటయు, కుమారుడు పెద్దవాడై విటమినుల పరిశోధనలోనే ప్రఖ్యాతి గాంచుటయు కాకతాళీయమే కావచ్చును. అయినను గమనింపదగినది.

బాల్యమున ఆయన చదువులో ముందున్న పిల్లవాడు కాడు. రాజమహేంద్రవరమున చదువుచుండగా, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరెననియు, పెద్దలు వెదకి వెనుకకు తెచ్చిరనియు చెప్పుకొందురు. వెంకమ్మగారు మాత్రము పట్టు విడువలేదు. ఒంటిమీది బంగారమునైన వదలుకొని కుమారుని చదివింపవలెనని ఆ తల్లి నిశ్చయము. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండు మారులు తప్పి, మూడవ మారు చెన్నపట్టణమందలి హిందూ హైస్కూలు నుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన పిల్లలను చూచి నిట్టూర్చు తలిదండ్రులు ఈ సంగతిని తెలిసికొని యుండుట మంచిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించునాటికి ఆయన మనస్సు సన్న్యాసము వైపు మొగ్గినది. రామకృష్ణ మఠమున చేరవలెనని కోరిరి. తల్లి అనుమతి లేనిదే మఠమువారు చేర్చుకొనలేదు. వైద్యము నేర్చి దీనులకు సేవ చేయుమను సలహా మాత్రము దొరికినది. ఆయన మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. చదువునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరిగారినే సుబ్బారావుగారు వివాహమాడిరి.

గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న రోజులవి. సుబ్బారావుగారు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోవుచుండిరి. శస్త్రవైద్యపు ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది రుచింపలేదు. వ్రాత పరీక్షలలో బాగుగనే నెగ్గినను, సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. ఒక నూలుచొక్కాకు ఆయన చెల్లించిన వెల అది.

ఇంతలో ఇంటిపై పిడుగు పడినది. అన్న పురుషోత్తముగారు స్ప్రూ అను వ్యాధికి లోనై మరణించిరి. నోరు పూయుట, విరేచనములు కట్టకపోవుట, తిన్నది ఒంటబట్టకపోవుట, నెత్తురు పలుచబడి మనిషి చిక్కి శల్యమగుట దాని లక్షణములు. ఆయుర్వేదమున గ్రహణి యనుదానికి ఇది దగ్గరి చుట్టము. నాటి వైద్యమున దీనికి సరియగు మందు లేదు. వైద్యము చదివిన తమ్ముడు ఇంటనుండియు అన్నను దక్కించుకొనలేకపోయెను. ఈ వేదన ఆయనను జీవితాంతము విడువలేదు.

అటుతరువాత ఆయన మద్రాసున ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రము బోధించిరి. దేశీయ ఔషధముల శక్తి ఆయనను ఆకర్షించినది. ఆ శక్తి ఏ పదార్థమున దాగియున్నదో విడదీసి చూడవలెనన్న ఆధునిక రసాయనశాస్త్రము రావలెను. అందులకు పరదేశమునకు పోక తప్పదని తోచినది. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సాయము చేయ వాగ్దానము చేసెను. మామగారు మరికొంత ధనము కూర్చిరి. 1920 తరువాతి తొలి సంవత్సరములలో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో ప్రవేశించిరి. భార్య స్వదేశముననే యుండిపోయిరి. ఆ దంపతులు మరల కలిసికొనలేదు.

బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలి. రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పనిని వైద్యపట్టము గల ఈ భారతీయుడు చేసి పొట్టపోసికొనెను. ఆ పిమ్మట జీవరసాయనశాస్త్ర శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని వద్ద చేరిరి. అచ్చటనే ఆయన ప్రతిభ వికసించినది.

శరీరమందు భాస్వరము ఎంత యున్నదో కొలుచుట నాటివరకు చాల కష్టమైన పని. రక్తము గాని మూత్రము గాని కొంచెము తీసికొని, దానిలోని భాస్వరము ఒక మాలిబ్డినము లవణముతో కూడునట్లు చేసి, ఆపై తగిన మరియొక ద్రవ్యమును చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరము హెచ్చినకొలది నీలిమ చిక్కబడును. రంగును చూచి పాళ్లను లెక్కకట్టవచ్చును. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరొంది, లోకమందలి ప్రయోగశాలలన్నిటను ప్రవేశించినది. ఒక తెలుగుపేరు రసాయనశాస్త్ర విద్యార్థులందరి నోట పలుకబడుట అదియే మొదలని చెప్పవచ్చును.

కొలబద్ద చేతికి చిక్కినవానికి క్రొత్త సంగతులు కనబడక మానవు. 1927లో వారిద్దరు కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును పట్టుకొనిరి. కండరము పనిచేయునపుడు అది విడిపోవును, విశ్రమించునపుడు మరల కూడును. ఇంగ్లండున ఎగ్లెటన్ దంపతులు కూడ ఆ కాలముననే దానిని వేరుగా కనుగొనిరి. కండరశక్తిని గూర్చి అంతవరకు పండితులు నమ్మియున్న సిద్ధాంతము దీనితో కదలిపోయినది. 1929లో మరియొక పదార్థము వెలువడినది. అదే అడినోసీన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తముగా ఎ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమన్ పండితుడును అదే సంవత్సరమున స్వతంత్రముగా దానిని కనుగొనెను.

ఎ.టి.పి.ని శక్తికి చెల్లుబడి నాణెమని చెప్పినచో సామాన్యునికి అర్థమగును. ధాన్యము గాదెలో నున్నను సంతలో చెల్లునది రూపాయియే కదా! అటులే మనము తిన్న అన్నములోని శక్తి మొదట ఈ నాణెముగా మారి, పిదప కండరము ముడుచుటకును, గుండె కొట్టుకొనుటకును, ఆలోచన సాగుటకును ఖర్చగుచున్నది. మనుష్యుడు మొదలు చెరువు నాచు వరకు, చివరకు సూక్ష్మజీవి వరకు ఈ నాణెమునే వాడుచున్నవి.

ఈ సూక్ష్మజీవి వాడుకలోనే ఒక వింత యున్నది. అది బయటపడుటకు సుబ్బారావుగారి తరువాత చాల సంవత్సరములు పట్టినది.

మన ప్రేగులలో కాపురముండు ఈ.కోలి అను బాక్టీరియా ఒక మిల్లీమీటరులో కొన్నివందల వంతుల పొడవైనను లేదు. దానియందు సుమారు 4,300 జన్యువులు కలవు. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క మాంసకృత్తును తయారుచేయు విధానము వ్రాసిన ఆకు వంటిది. అన్ని ఆకులను ఒక్కమారే చదివి, అన్ని మాంసకృత్తులను ఎల్లవేళల తయారు చేయుచు కూర్చున్నచో ఆ ప్రాణి దివాలా తీయును. అవసరమైనది చదువవలెను, అక్కరలేనిది మూసిపెట్టవలెను. 1941 ప్రాంతమున పారిస్ నగరమున జాక్ మోనో అను యువకుడు ఈ బాక్టీరియాకు రెండు చక్కెరలను కలిపి పెట్టి చూచెను. అవి ద్రాక్షచక్కెర, పాలచక్కెర. అది మొదట ద్రాక్షచక్కెర నంతయు తిని, కొంతసేపు పెరుగుదల నిలిపి, ఆ తరువాతనే పాలచక్కెరను ముట్టినది. పెండ్లిపంక్తిలో బూరెలు అయినదాక పులిహోర వైపు చూడని పిల్లవానివలె నున్నది దాని వరుస.

ఆ నడుమ నిలుపుదలలో ఏమి జరిగినది? పాలచక్కెర జన్యువులకు ఒక కావలివాడు కలడు. ఆ చక్కెర లేనంతకాలము జన్యువు మొదట బైఠాయించి చదువనీయడు. చక్కెర వచ్చి తాకినచో లేచి పోవును. మోనో, ఫ్రాన్స్వా జాకబ్ పండితులు ఈ సంగతిని స్థాపించి, ఆంద్రే ల్వోఫ్‌తో కలిసి 1965లో నోబెల్ బహుమానము పొందిరి. కాని కావలివాడు తొలగినంత మాత్రమున పని కాదు. ద్రాక్షచక్కెర ఉన్నంతవరకు జన్యువు మందకొడిగనే యుండును. వేరొక అధికారి సెలవు కావలెను.

ఆ సెలవునకు మూలము సుబ్బారావుగారి ఎ.టి.పి.యే. ద్రాక్షచక్కెర అయిపోయి ఆకలి మొదలైనపుడు బాక్టీరియాలోని ఒక ఎంజైము ఎ.టి.పి. అణువును తీసికొని, రెండు భాస్వరపు తునకలను త్రుంచి, మిగిలినదానిని గుండ్రముగా ముడివేయును. ఇట్లేర్పడినది సైక్లిక్ ఎ.ఎం.పి. దీనిని మొదట జంతువుల కాలేయమున కనిపెట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్ల్ సదర్లాండ్. 1965లో ఆయనయు మాక్‌మన్ అను శాస్త్రజ్ఞుడును ఈ పదార్థము ఈ.కోలియందు కూడ కలదనియు, ద్రాక్షచక్కెర ఉన్నపుడు తగ్గిపోవుననియు చూపిరి. చెల్లుబడి నాణెమునే కరగించి బాక్టీరియా ఒక ఆకలి చీటీని తయారు చేసికొనుచున్నదన్నమాట.

ఆ చీటీని అందుకొను మాంసకృత్తు పేరు సి.ఆర్.పి. 1970 ప్రాంతమున దీనిని విడదీసి చూచిరి. చీటీ అంటుకొనగనే ఇది రూపము మార్చుకొని, డి.ఎన్.ఏ. దారముపై తనకు గుర్తైన చోట్ల వ్రాలి, దారమును బలముగా వంచి, జన్యువులను చదువు యంత్రమును అచ్చటికి చేర్చును. పాలచక్కెర కావలివాడు ఒక్క గుమ్మము దగ్గరనే కూర్చుండును గాని, సి.ఆర్.పి. గుర్తులు నూటికి పైగా జన్యువుల మొగసాలలయందు ఉన్నవి. ఒక్క చీటీతో అన్నియు ఒకేమారు వినును. పూర్వము గ్రామమున తలారి దండోరా వేసినచో ఒక్కొక్కరి ఇంటికి పోయి చెప్పనక్కరలేదు. కుమ్మరి, కమ్మరి, చాకలి, నేతగాడు ఎవరి పని వారు తెలిసికొని కదలుదురు. ఇదియు అటువంటిదే. కొన్ని జన్యువులను లేపును, కొన్నింటిని పండుకొనబెట్టును. ఇట్టివానికి సార్వత్రిక నియామక మాంసకృత్తులని పేరు. ప్రాణవాయువు తగ్గినపుడు మేల్కొనునది ఒకటి, ఆహారమందలి అమినో ఆమ్లముల హెచ్చుతగ్గులను చూచునది ఒకటి, ఇట్లు మరికొన్ని కలవు. 2003లో మెక్సికో దేశ శాస్త్రజ్ఞులు లెక్కకట్టి, ఇట్టివి ఏడు మాత్రమే ఈ.కోలిలో నియామకము తెలిసిన జన్యువులలో సుమారు సగమును నేరుగా నడుపుచున్నవని చూపిరి. ఇంత చిన్న ప్రాణికి ఇంత పొందికైన పరిపాలన!

సముద్రతీరపు ప్రజలు తరతరములుగా భయపడిన కలరా కూడ ఈ చీటీతోనే ఆడుకొనును. ఆ క్రిమి విడుచు విషము మనిషి ప్రేగుల కణములలోని ఎంజైమును ఆగకుండ పనిచేయించి, ఎ.టి.పి.ని అదే సైక్లిక్ ఎ.ఎం.పి.గా మార్చివేయించును. దానితో లవణములును నీరును ప్రేగులోనికి వరదకట్టి పోవును. కలకత్తా శాస్త్రజ్ఞుడు శంభునాథ్ దే 1959లో ఆ విషము ఉనికిని నిరూపించెను.

ఇదంతయు సుబ్బారావుగారు ఎరుగరు. ఆయన చేతిలో నున్నది సంగ్రహించిన పదార్థము మాత్రమే. దాని ఘనతయు నాడు పూర్తిగా తెలియలేదు. 1930లో ఆయన పిహెచ్.డి. పొందిరి. హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి మాత్రము ఆయనకు రాలేదు. ఫిస్కే ప్రయోగశాలలో ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు ప్రకటనకు నోచుకొనక, తరువాత ఇతరులు మరల కనుగొనవలసి వచ్చినదని, అదే ప్రయోగశాలలో విద్యార్థిగా నుండి పిదప నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్స్ వ్రాసియున్నాడు. సుబ్బారావుగారు ఈ విషయమున ఎవరితోను కలహింపలేదు. తన వంతు తాను గట్టిగా అడుగనివానికి లోకము తానై తెచ్చి యిచ్చుట అరుదు. ఆయన నెమ్మది మెచ్చదగినదే గాని, దానివలన శాస్త్రమునకు కూడ కొంత కాలము వృథా అయినదన్నది నిజము.

1940లో ఆయన హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్‌రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలకు పోయిరి. త్వరలోనే అచ్చటి పరిశోధనకు అధిపతులైరి. జీవితమున చివరి ఎనిమిది సంవత్సరములు మాత్రమే అచ్చట గడచినవి. ఆ కొద్ది కాలములో వచ్చిన ఫలములను చూచిన ఆశ్చర్యము కలుగును.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో, గర్భిణులైన పేద స్త్రీల రక్తక్షీణతకు ఈస్టుతో చేసిన మార్మైటు అను ఆహారమును పెట్టి నయము చేసియుండెను. దానిలోని ఏ పదార్థము మేలు చేసినదో తెలియదు. అది కాలేయములో కలదు, ఆకుకూరలలో కలదు, కాని అణుమాత్రము. దానిని ఎట్లు వెదకుట? ఇచ్చట కూడ ఒక బాక్టీరియాయే త్రాసు అయినది. పాలను పులియబెట్టు లాక్టోబాసిల్లస్ కేసీ అను జాతి ఈ పదార్థమును స్వయముగా తయారుచేసికొనలేదు. బయటినుండి దొరికిననే పెరుగును. పరీక్షనాళములో దానిని నాటి, కాలేయపు సారమును కొంచెము వేసి, నీరు ఎంత మసకబారినదో చూచినచో పదార్థము ఎంత యున్నదో తెలియును. స్టోక్‌స్టాడ్ మొదలగు సహచరులతో సుబ్బారావుగారు ఈ త్రోవను నడచి, దానిని శుద్ధముగా తీసి, 1945లో కృత్రిమముగా తయారు చేయించిరి.

ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా పుండ్లు మానినవి, ఆకలి పుట్టినది, నెత్తురు పట్టినది. అన్న మరణించి ఇరువది సంవత్సరములు దాటినది. సముద్రముల కవ్వల, ఒక గాజుసీసాలో, పసుపుపచ్చని పొడిగా ఆ మందు తమ్ముని చేతికి వచ్చినది.

ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను కూడ ఆయన బృందము తయారు చేసెను. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ వైద్యుడు వానిలో అమైనోప్టెరిన్ అనుదానిని రక్తపు క్యాన్సరు గల బిడ్డలకిచ్చి, వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గుటను 1948లో ప్రకటించెను. క్యాన్సరునకు మందు పనిచేయునని నమ్మకము కలిగించిన మొదటి సంఘటనలలో అది యొకటి. దాని సోదరమైన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడుకలో నున్నది. 1947లో హెట్రజాన్ వెలువడినది. డి.ఇ.సి. అనునది దీనికే మరియొక పేరు. ఆంధ్ర తీరమున బోదకాలు వ్యాధిని గూర్చి చెప్పనక్కరలేదు. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమునకు ఈ మందే ముఖ్యాయుధము.

ఇక ఆరియోమైసిన్. పెన్సిలిన్ లొంగదీయలేని సూక్ష్మజీవులు అనేకములు. వానికొరకు మట్టిలో వెదకు పనికి, విశ్వవిద్యాలయమున పదవీవిరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుని లెడర్లీవారు నియమించిరి. పలుచోట్ల మట్టిని తెప్పించి పరీక్షించిరి. మిసోరీ రాష్ట్రపు ఒక పొలము మట్టిలో బంగారువన్నె గల ఒక స్ట్రెప్టోమైసిస్ జీవి దొరికినది. అదియిచ్చిన మందు బాక్టీరియాలో మాంసకృత్తులను కూర్చు యంత్రమునకు అడ్డుపడును. జన్యువు ఆజ్ఞ యిచ్చినను సరకు తయారు కాదు. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు ఇదియే పెద్దకొడుకు. 1948 జూలైలో దీనిని లోకమునకు ప్రకటించిరి. కొద్ది వారములకే, ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు పెర్ల్‌రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. ఆయన వయస్సు 53 సంవత్సరములు.

ఆయన పోయినను ఆయన సూక్ష్మజీవులతో మొదలుపెట్టిన యుద్ధము ఆగలేదు. 1953లోనే జపానులో టెట్రాసైక్లిన్‌కు లొంగని రక్తవిరేచనపు బాక్టీరియా కనబడినది. ఇట్టి బాక్టీరియాలలో కొన్నిటికి మందును బయటికి తోడిపోయు ఏతమువంటి మాంసకృత్తు కలదు. దాని జన్యువుపై ఒక కావలి మాంసకృత్తు కూర్చుండును. టెట్రాసైక్లిన్ లోనికి వచ్చి దానినే తాకగా అది లేచిపోవును, ఏతము తయారగును. మందే తన శత్రువును మేల్కొల్పుట యన్నమాట.

అంతకంటె గంభీరమైనది 1983లో తెలిసినది. అమెరికాలో స్టువర్ట్ లెవీయు ఆయన సహచరుడును ఈ.కోలిని కొద్దికొద్ది పాళ్ల టెట్రాసైక్లిన్‌లో పెంచి చూచిరి. ఎక్కువ మోతాదు కాదు, చంపుటకు చాలని మోతాదు. దానికి తట్టుకొని మిగిలిన బాక్టీరియా టెట్రాసైక్లిన్‌కే కాక, ఎన్నడును చూడని ఇతర మందులకు కూడ లొంగకపోయినది. కారణము వెదకగా ఇచ్చట కూడ ఒక సార్వత్రిక నియామక మాంసకృత్తు బయటపడినది. దాని పేరు మార్‌–ఎ. మామూలుగా దీని జన్యువును మార్‌–ఆర్ అను కావలివాడు అణచియుంచును. ఆ కావలి చెడినపుడు మార్‌–ఎ విజృంభించి అనేక జన్యువులకు దండోరా వేయును. బయటిగోడలోని పెద్ద రంధ్రములు తగ్గును, మందులను తోడు ఏతములు హెచ్చును. తుపాను హెచ్చరిక విన్న మత్స్యకారులు పడవలను ఒడ్డునకు లాగి, వలలు చుట్టి, తలుపులు బిగించినట్లు ఊరంతయు ఒక్కమారే సిద్ధమగును.

వైద్యుడు ఐదు రోజులకు వ్రాసిన మందును జ్వరము తగ్గెనని రెండు రోజులకే విడుచుట, దుకాణములో అడిగి రెండు మాత్రలు తెచ్చి మింగుట మన గ్రామములలో అరుదు కాదు. చాలీచాలని మోతాదులు ఇట్టి బాక్టీరియాను ఎన్నిక చేసి పెంచునని ఈ పరిశోధన చెప్పుచున్నది. మనుష్యులదే కాదు ఈ తప్పు. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని తిన్న కోడిపిల్లలు త్వరగా ఎదుగుట లెడర్లీలోనే జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ గమనించిరి. తరువాత కోళ్లకును పశువులకును మేతలో ఈ మందులను కలుపు వాడుక దేశదేశముల వ్యాపించినది. ఒక ప్రాణరక్షక ఔషధమును దాణాగా మార్చిన ఆ తొందర శాస్త్రచరిత్రలో మెచ్చదగిన ఘట్టము కాదు. 1976లో లెవీ ఒక కోళ్లశాలలో పరీక్షించి, మేతలో మందు కలిపిన కొద్దికాలమునకే కోళ్లలోను, పిదప ఆ ఇంటి మనుష్యులలోను లొంగని బాక్టీరియా చేరుటను చూపెను. 1994లో సూరతున ప్లేగు భయము చెలరేగినపుడు జనులు ఆశ్రయించినవి టెట్రాసైక్లిన్ జాతి మందులే. అట్టి ఆపత్తు మరల వచ్చినపుడు మందు పనిచేయుటయో, మానుటయో ఇప్పటి వాడుకపై నున్నది.

సుబ్బారావుగారు స్వదేశమునకు మరల రాలేదు. అమెరికాలో పాతికేండ్లు గడపియు భారతీయుడుగనే ఉండిపోయిరి. పేరునకు ప్రాకులాడలేదు. తన బృందము వ్రాసిన అనేక పరిశోధన పత్రములలో ముందు వరుసను సహచరులకు విడిచిరి. 1953లో హెసెల్‌టైన్ అను శాస్త్రజ్ఞుడు క్రొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టెను. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరమున, భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్లను విడుదల చేసినది. శేషగిరిగారు ఆయన జ్ఞాపకముతోనే శేషజీవితమును ఆంధ్రదేశమున గడిపిరి.